గోడ పక్కన నిలబడ్డ పిచర్

మూడేళ్ల కిందట నా కుడి భుజం చెడింది. చెడిందంటే మైదానంలో కూలబడిపోయి నలుగురూ మోసుకెళ్లారని కాదు. నేను వారానికో బేస్‌బాల్ మ్యాచ్‌లో బంతి విసిరే మామూలు అమెచ్యూర్ పిచర్ని, వయసు నలభైకి దగ్గరపడుతోంది. మొదట్లో మ్యాచ్ మర్నాడు చొక్కా వేసుకునేటప్పుడు భుజం వెనకవైపు కలుక్కుమనేది. పోనుపోను మ్యాచ్‌లోనే, ఇరవయ్యో బంతి దగ్గరే మొదలయ్యేది. చెయ్యి పూర్తిగా వెనక్కి వాలి ఇక ముందుకు దూకబోయే ఆ క్షణంలో, కీలు లోపల ఎవరో గోరు పెట్టి నొక్కినట్టుండేది.

ఒక ట్రైనర్ దగ్గరికి వెళ్లాను. చొక్కా విప్పించి, గోడ పక్కన నిలబెట్టి, ముందు నుంచొకటి, పక్క నుంచొకటి ఫోటో తీశారు. వాటి మీద గీతలు గీసి చూపించారు. "చూశారా, కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. తల ముందుకొచ్చేసింది. వీపు గూనిగా ఉంది. మీ సమస్యంతా పోశ్చరేనండీ" అన్నారు. మందు కూడా అప్పుడే చెప్పేశారు. రోజంతా భుజాలు వెనక్కి లాగి, కిందికి దింపి ఉంచాలి. మర్చిపోకుండా గంటకోసారి ఫోన్‌లో అలారం.

బుద్ధిమంతుడిలా నాలుగు నెలలు చేశాను. కుర్చీలో కూడా పరేడ్‌లో ఉన్నట్టే కూర్చునేవాణ్ణి. మెడ పట్టేసింది. బంతి వేగం తగ్గింది. భుజం నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇది ఆ ఉక్రోషంతో చదవడం మొదలుపెట్టిన మనిషి రాస్తున్న వ్యాసం, కాబట్టి కాస్త పక్షపాతం ఉంటే ఉండొచ్చు. నేననేది ఇది: పిచర్ భుజానికి పోశ్చర్ ముఖ్యమే, మామూలు ముఖ్యం కాదు. కాని గోడ పక్కన ఫోటోలో కనబడే పోశ్చర్‌తో దానికి ఉన్న చుట్టరికం చాలా దూరపుది. లెక్కలోకి తీసుకోవాల్సింది ముందు కాలు నేలకు ఆనినప్పటి నుంచి బంతి వేళ్లను వదిలేదాకా వెన్ను, పక్కటెముకలు, భుజం వెనకుండే రెక్క ఎముక ఏ స్థితిలో ఉన్నాయన్నది. ఆ వ్యవధి సెకనులో సుమారు ఏడో వంతు. రెప్పపాటు అనుకోండి.

ఆ రెప్పపాటులో భుజం మీద పడే భారం తెలిస్తే, ఇంతమంది పిచర్లకు భుజాలు చెడుతున్నాయేంటి అనిపించదు, కొందరికి చెడకుండా ఎలా ఉంటున్నాయి అనిపిస్తుంది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ 1987లో పెట్టిన అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో గ్లెన్ ఫ్లైసిగ్ బృందం ఏళ్ల తరబడి కొలిచిన లెక్కలు ఉన్నాయి. బంతి వదలడానికి ముందు జబ్బ ఎముక లోపలికి తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీల పైమాటే. అంటే అదే వేగంతో తిరుగుతూ పోతే సెకనుకు 19 చుట్లు. మనిషి శరీరం చేసే కదలికల్లో ఇంత వేగంగా కొలిచినవి దాదాపు లేవు. ఇక బంతి వదిలేశాక చెయ్యి బంతి వెంటే ఎగిరిపోవాలని చూస్తుంది. దాన్ని భుజం కీలు గుంటలోకి లాగి పట్టుకోవడానికి భుజం కండరాలు పెట్టే బలం 1,000 న్యూటన్లు దాటుతుంది. వంద కిలోల మనిషి చేతికి వేలాడుతున్నట్టు. విసిరేది మాత్రం 150 గ్రాములు కూడా లేని బంతి.

ఇంత పని చేసే కీలు చూస్తే భయమేస్తుంది. తుంటి కీలులో ఎముక లోతైన గిన్నెలో దిగి కూర్చుంటుంది. భుజంలో అలా కాదు. ఆ గుంట లోతు తక్కువ, పక్కకు తిరిగిన చిన్న పళ్లెం లాంటిది. పైగా ఆ పళ్లెం స్థిరంగా ఉండదు, అది రెక్క ఎముకలో భాగం. రెక్క ఎముకేమో పక్కటెముకల మీద జారుతూ ఉంటుంది. అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట గుర్తుందా? కర్ర ఒరిగిన వైపుకల్లా చెయ్యి పరిగెత్తాలి. భుజంలో కర్ర జబ్బ ఎముక, అరచెయ్యి రెక్క ఎముక. నన్ను ఆ ట్రైనర్ చెయ్యమన్నదేమిటంటే, కర్ర నిలబెట్టు కాని అరచెయ్యి కదపకు అని.

అసలు విషయమంతా చెయ్యి వెనక్కి వాలే ఘట్టంలో ఉంది. స్లో మోషన్ వీడియోలో చూస్తే ముంజేయి వెనక్కి వాలిపోయి నేలకు దాదాపు సమాంతరంగా పడుకుంటుంది. లేబ్యాక్ అంటారు దాన్ని. చూసేవాళ్లకి అదంతా భుజం కీలే తిరిగినట్టు కనబడుతుంది. జపాన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక కొలత నా కళ్లు తెరిపించింది. వాళ్ల ఆటగాళ్లలో ఆ క్షణానికి కనబడిన మొత్తం తిరుగుడు సగటున 144 డిగ్రీలు. అందులో భుజం కీలు ఇచ్చింది సుమారు 106. రెక్క ఎముక వెనక్కి ఒరగడం వల్ల వచ్చింది 23కి పైన. నడుముకు పైనున్న వెన్ను వెనక్కి వంగడం వల్ల ఇంకో 9.

ఆ రెండూ కలిపితే 32 డిగ్రీలు. పిచర్ పోశ్చర్ గురించి మాట్లాడేవాళ్లెవరైనా ముందు ఈ 32 గురించి మాట్లాడాలని నా వాదన.

వీపు పైభాగం బిగుసుకుపోయి వెనక్కి వంగడం లేదనుకోండి. రెక్క ఎముక ఆనుకుని జారేది పక్కటెముకల మీదే కాబట్టి, అక్కడ గూని ఉంటే అది కూడా ముందుకే వాలి ఉంటుంది. పైగా ఛాతీ ముందుభాగంలో పెక్టొరాలిస్ మైనర్ అని చిన్న కండరం ఉంది, అది మూడు నుంచి అయిదు దాకా ఉన్న పక్కటెముకల నుంచి బయల్దేరి రెక్క ఎముక ముందు కొనను పట్టుకుంటుంది. అది పొట్టిబారితే రెక్క ఎముకను ముందుకే గుంజుతుంది. అప్పుడా 32 డిగ్రీలూ ఎక్కడ్నుంచి రావాలి? రెండే దారులు. రాకుండా ఉండిపోవడం ఒకటి. అప్పుడు చెయ్యి తక్కువ వాలుతుంది, బంతి వేగం అందుకోవడానికి దొరికే దూరం తగ్గుతుంది, వేగం పడిపోతుంది. రెండోది, భుజం కీలే ఆ లోటు భర్తీ చెయ్యడం. 106 ఇవ్వాల్సింది 120, 130 ఇవ్వబోతుంది. కీలును చుట్టి ఉన్న సంచి ముందువైపు సాగుతుంది. వెనకవైపేమో రొటేటర్ కఫ్ (కీలును చుట్టి పట్టి ఉంచే చిన్న కండరాలు) స్నాయువు అడుగు, జబ్బ ఎముక తలకూ గుంట అంచుకూ మధ్య నలుగుతుంది. నాకు గోరు పెట్టి నొక్కినట్టు అనిపించింది సరిగ్గా అక్కడే.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూసుకోవచ్చు. కుర్చీలో బాగా కూలబడి, గడ్డం ముందుకు చాచి, ఒక చెయ్యి పక్క నుంచి పైకెత్తండి. ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు వెన్ను పొడుగు చేసి కూర్చుని మళ్లీ ఎత్తండి. 1999లో ఇదే పరీక్ష పద్ధతిగా చేశారు. కూలబడ్డప్పుడు చెయ్యి లేచే ఎత్తు సగటున 24 డిగ్రీల దాకా తగ్గింది, చెయ్యి అడ్డంగా చాచినప్పటి బలం 16 శాతం తగ్గింది. భుజానికి ఏ జబ్బూ లేని మనుషుల్లోనే. ఏ కండరమూ చిట్లలేదు, ఏ స్నాయువూ వాయలేదు, కింద ఆధారం మారిందంతే.

"మరి ట్రైనర్ చెప్పిందీ అదేగా, నిటారుగా ఉండమని" అంటారేమో. అక్కడే తిరకాసుంది. కూలబడి చెయ్యెత్తితే కదలిక తగ్గుతుందన్నది నిజం. కూలబడే అలవాటున్నవాళ్లకే భుజం నొప్పి వస్తుందన్నది వేరే మాట. ఈ రెండో మాటకు ఆధారాలు బలహీనం. 2016లో పాత అధ్యయనాలన్నిటినీ పోగేసి చేసిన ఒక సమీక్ష సరిగ్గా ఈ రెంటినీ విడదీసింది. వెన్ను నిలబెడితే చెయ్యి ఎక్కువ లేస్తుందని గట్టి ఆధారం దొరికింది. భుజం నొప్పి ఉన్నవాళ్ల గూనికీ లేనివాళ్ల గూనికీ మాత్రం చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. అంటే గూని నేరస్థుడు కాదు. అవసరమైనప్పుడు ఆ గూనిలోంచి బయటికి రాలేకపోవడమే చిక్కు. సోఫాలో కూలబడి కూర్చునే పిచర్, మౌండ్ (పిచర్ నిలబడి విసిరే మట్టి దిబ్బ) మీద వెన్ను విల్లులా వంచగలిగితే అతనికేం ఢోకా లేదు. కుర్చీలో కర్రలా కూర్చునే పిచర్ వెన్ను వంగకపోతే ఆ క్రమశిక్షణంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఇక భుజాలు వెనక్కి లాగి కిందికి దింపడం. చెయ్యి పైకి లేచేటప్పుడు రెక్క ఎముక కూడా పైకి తిరగాలి, లేకపోతే జబ్బ ఎముకకు చోటు చాలదు. కిందికి దింపి పట్టుకునే అలవాటు దానికి అడ్డం పడుతుంది. బంతి వదిలాక పరిస్థితి ఇంకా అన్యాయం. అప్పుడు రెక్క ఎముక పక్కటెముకల చుట్టూ ముందుకు జారుతూ చేతి ఊపును కొంత మింగాలి. దాన్ని వెనకే కట్టేసి ఉంచితే ఆ వంద కిలోల లాగుడంతా కీలు వెనకున్న చిన్న కండరాల నెత్తిన పడుతుంది. నేను నాలుగు నెలలు సాధన చేసింది ఇదన్నమాట. తల్చుకుంటే ఇప్పటికీ మండుతుంది.

జారిన కుడి భుజం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఫోటోతో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. కుడిచేత్తో విసిరేవాళ్లలో కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం దిగి ఉండటం చాలా మామూలు, నొప్పి లేనివాళ్లలో కూడా. చిన్నప్పటి నుంచి విసిరినవాళ్లయితే ఎముకే మారుతుంది. జబ్బ ఎముక పుట్టుకతో వెనక్కి మెలితిరిగి ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ మెలి కొంత విప్పుకుంటుంది. బాల్యం నుంచి బంతి విసిరే చేతిలో అది పూర్తిగా విప్పుకోదు. అందుకే పిచర్ చెయ్యి బయటికి ఎక్కువ తిరుగుతుంది, లోపలికి తక్కువ తిరుగుతుంది. ఇది రోగం కాదు, ఒక రకంగా వరం, ఆ అదనపు తిరుగుడు కీలు సంచిని సాగదీయకుండానే దొరుకుతుంది. రెండు భుజాలూ ఫోటోలో ఒకే గీత మీదికి రావాలని పట్టుబట్టేవాళ్లు, కమ్మరి రెండు చేతులూ ఒకే లావులో ఉండాలని కూడా పట్టుబట్టాలి.

అలాగని జారిన భుజాన్ని ఎప్పుడూ పట్టించుకోవద్దని కాదు. 2003లో బర్క్‌హార్ట్, మోర్గాన్, కిబ్లర్ అనే ముగ్గురు డాక్టర్లు విసిరే భుజం గురించి రాసిన వ్యాసాల్లో దీన్నే ఒక హెచ్చరికగా చెప్పారు. రెక్క ఎముక కిందికి జారి, దాని లోపలి కింది అంచు వీపు మీద పొడుచుకొచ్చి, ముందువైపు కొన దగ్గర నొక్కితే నొప్పి పుట్టి, చెయ్యెత్తినప్పుడు దాని కదలిక గతి తప్పితే జాగ్రత్తపడమన్నారు. గమనించండి, అందులో నొప్పి ఉంది, కదలిక ఉంది. కదలకుండా నిలబెట్టి తీసిన ఫోటోలో ఆ రెండూ కనబడవు.

ఇక్కడి దాకా చదివి, పోశ్చర్ సరిగ్గా పెడితే భుజమూ క్షేమం, వేగమూ లాభం అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకుని కొన్నాళ్లు సంబరపడ్డాను. అంత తేలికైతే ఎంత బాగుండేది.

మొండెం పక్కకు ఒరగడం తీసుకోండి. కుడిచేతి పిచర్ బంతి వదిలేటప్పుడు మొండెం ఎడమవైపుకి ఒరుగుతుంది. చూసేవాళ్లు "పై నుంచి విసురుతున్నాడు", "పక్క నుంచి విసురుతున్నాడు" అంటారు గాని, చాలామందిలో మొండేనికీ జబ్బకూ మధ్య కోణం ఇంచుమించు 90 డిగ్రీలే, మారేది మొండెం ఒరుగు. 2000 తర్వాత ఓక్లాండ్ జట్టుకు ఆడిన చాడ్ బ్రాడ్‌ఫర్డ్ చెయ్యి దాదాపు నేలను రాసుకుంటూ వచ్చేది. దాని కోసం ఆయన భుజాన్ని కిందికి వంచలేదు, నడుము దగ్గర మనిషే కిందికి వంగాడు. రెండో కొసన టిమ్ లిన్సెకమ్. 5 అడుగుల 11 అంగుళాల సన్నటి మనిషి, తలా మొండెమూ ఎడమకు ఒరిగిపోయి చెయ్యి నిలువుగా పై నుంచి వచ్చేది. 2008, 2009ల్లో వరసగా, ఏటా మేటి పిచర్లకిచ్చే సై యంగ్ అవార్డులు కొట్టాడు. ఆయన 2015లో కత్తి కిందికి వెళ్లింది తుంటి కోసం. ఇది ఊరికే చెబుతున్నా, కారణం ఫలానా అని తేల్చడానికి కాదు.

2013లో హైస్కూల్ పిచర్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, మొండెం మరీ ఎక్కువ పక్కకు ఒరిగేవాళ్లు మిగతావాళ్లకన్నా వేగంగా విసిరారు. వాళ్ల భుజం మీదా మోచేయి మీదా భారం కూడా ఎక్కువే పడింది. అంటే కొన్ని పోశ్చర్లు అప్పు లాంటివి. వేగం ఇవాళ చేతికొస్తుంది, వడ్డీ భుజం కడుతుంది. పదహారేళ్ల పిల్లాడికి స్పీడ్ గన్ మీద అంకె పెరుగుతుంటే ఆ ఒరుగు తగ్గించుకో అని చెప్పి చూడండి. వాడు వినడు. వాడి తండ్రి అసలే వినడు. ఈ విషయంలో కోచ్‌లు సర్దుకుపోతారని నా ఫిర్యాదు. వీపు బిగుసుకుపోతే వచ్చే నష్టం గురించి అందరూ ఉపన్యాసాలిస్తారు, ఎందుకంటే దాన్ని సరిచేస్తే వేగం కూడా పెరుగుతుంది. వేగం ఇచ్చే తప్పుడు పోశ్చర్ దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతూ తగ్గిపోతుంది.

భుజం పోశ్చర్ భుజం దగ్గరే మొదలవదు అనడానికి నాకు డిజీ డీన్ కథకు మించింది దొరకలేదు. 1934లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరపున 30 మ్యాచ్‌లు గెలిచిన కుడిచేతి పిచర్. 1937 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఎర్ల్ ఏవరిల్ కొట్టిన బంతి సూటిగా వచ్చి ఆయన ఎడమ కాలికి తగిలి వేలు విరిగింది. పూర్తిగా మానకముందే డీన్ మౌండ్ ఎక్కేశాడు. ఎడమ కాలంటే, కుడిచేతి పిచర్‌కు నేల మీద ఆనే కాలు, ఒంటి ఊపంతటినీ ఆపి పైకి మళ్లించే కాలు. ఆ కాలి మీద గట్టిగా దిగలేక విసిరే తీరు మార్చుకున్నాడు. భుజం పోయింది. అప్పటికాయన వయసు 27, గెలిచినవి 134. ఆ తర్వాత మొత్తం కెరీర్‌లో గెలిచినవి 16. విరిగింది కాలి వేలు, పోయింది భుజం. ఆ రోజుల్లో ఎవరైనా ఆయన్ని గోడ పక్కన నిలబెట్టి భుజాలు వెనక్కి లాగమని ఉంటే ఏం ఒరిగేది?

నా విషయంలో తప్పెక్కడుందో చివరికి ఫోన్ వీడియోనే చెప్పింది. పక్క నుంచి స్లో మోషన్‌లో తీసి ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. ఎడమ కాలు నేలకు ఆనేసరికే నా ఛాతీ బ్యాటర్ వైపు తిరిగిపోయి ఉంది. తుంటి ముందు తిరిగి, మొండెం కాస్త ఆగి తిరగాలి. ఆ తేడాలోనే వడిసెల తిప్పినట్టు ఊపు పుడుతుంది. నాకు రెండూ కలిసి తిరిగిపోతున్నాయి. దాంతో చెయ్యి వెనకపడి, దాన్ని భుజం ఒక్కటే ఈడ్చుకొస్తోంది. ఇంకో ఆరేడు ఫ్రేములు జరిపితే లేబ్యాక్. అక్కడ నా వీపు పైభాగం వంగలేదు, వంగినట్టు కనబడుతోంది నడుము. పక్కటెముకలు ముందుకు పొడుచుకొచ్చి ఛాతీ తెరుచుకున్నట్టు నటిస్తున్నాయి. నిటారుగా కూర్చోవడం సాధన చేసి నేను నేర్చుకున్న దొంగ వంపు ఇదేనని నా అనుమానం.

తర్వాత చేసినవి చెప్పుకునేంత గొప్పవేం కాదు. వీపు కింద ఫోమ్ రోలర్ పెట్టి, పొట్ట బిగించి నడుము లేవకుండా పైభాగం మాత్రం వెనక్కి వంచడం. గోడకు ముంజేతులు ఆనించి పైకి జరుపుతూ రెక్క ఎముకను పక్కటెముకల చుట్టూ తిరగనివ్వడం, దాన్ని అలా తిప్పే సెరాటస్ కండరం కోసం. పక్కకి పడుకుని మోకాళ్లు కదలకుండా మొండెం తిప్పడం. ఒంటికాలి మీద దిగే వ్యాయామాలు. అన్నిటికన్నా కష్టమైంది, మూడు నెలలు బంతులు తగ్గించి విసరడం. నిజాయితీగా చెప్పాలంటే నొప్పి తగ్గింది వ్యాయామం వల్లా, బంతులు తగ్గించడం వల్లా అని ఎవరైనా నిలదీస్తే నేను ప్రమాణం చెయ్యలేను. రెండూ ఒకేసారి చేశాను మరి.

బంతులు తగ్గించడం ఎందుకంటే, ఎంత మంచి పోశ్చరైనా అలసట ముందు నిలబడదు. కాళ్లు అలిసిపోతే అడుగు పొట్టిదవుతుంది, మొండెం ముందే తిరిగిపోతుంది, సెరాటస్ అలిసిపోతే రెక్క ఎముక ముందుకు వాలుతుంది, ఆ 32 డిగ్రీలు ఒక్కొక్కటే కరిగిపోతాయి. 2006లో కుర్ర పిచర్ల మీద ఆండ్రూస్, ఫ్లైసిగ్ ఉన్న బృందం చేసిన అధ్యయనంలో, చెయ్యి అలిసినా తరచూ విసిరేవాళ్లు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం మిగతావాళ్లకన్నా 36 రెట్లు ఎక్కువని తేలింది. ఏ గూని కొలతకూ అలాంటి అంకె లేదు. 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ పేరుతో వయసువారీ పరిమితులు పెట్టడానికి వెనకున్నది ఇలాంటి లెక్కలే. 13, 14 ఏళ్లవాళ్లకు రోజుకు 95 బంతులు, 66 గాని అంతకు మించి గాని విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి.

నేనిప్పుడు ఖాళీ ఉన్నప్పుడు పిల్లల టీమ్‌కు సాయం చేస్తుంటాను. మొన్నో మ్యాచ్‌లో పద్నాలుగేళ్ల కుర్రాడొకడు అయిదో ఇన్నింగ్స్ విసురుతున్నాడు. వేగం తగ్గలేదు, గురి తప్పలేదు. కాని ఛాతీ తెరుచుకోవడం ఆగిపోయింది. లేబ్యాక్ దగ్గర గడ్డం ముందుకొస్తోంది, బంతి వదిలాక చెయ్యి ఎదుటి మోకాలి దాకా సాగకుండా పొట్ట దగ్గరే ఆగిపోతోంది. అప్పటికి 58 బంతులు. వెళ్లి అడిగితే "బాగానే ఉన్నా అంకుల్" అన్నాడు. బయటికి తీసుకొచ్చేశాను. వాడి నాన్న కంచె దగ్గరికొచ్చి, "అదేంటండీ, ఇంకా 37 ఉన్నాయి కదా" అన్నారు. లెక్క ఆయనదే కరెక్టు. వీపు చూశానని చెబితే ఆయన నన్ను అదోలా చూశారు.

మర్నాడు పొద్దున్న ఫోన్ చేసి, చొక్కా వేసుకునేటప్పుడు భుజం వెనక ఏమైనా అనిపించిందా అని వాణ్ణి అడిగాను. ఏం లేదన్నాడు. కాసేపాగి, "చొక్కానా, ఎందుకంకుల్?" అన్నాడు.